చెరువు నీళ్లు, చెరువు మన్ను: మీ ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో నీటి పరీక్షల గురించి అడిగినవాళ్లకంటే నీటి అడుగున ఉన్న మన్ను గురించి అడిగినవాళ్లే ఎక్కువ. మాకు అది సంతోషం. సీసాలో పట్టిన నీళ్లు ఆ పూట సంగతే చెబుతాయి. అడుగు మన్నులో కొన్నేళ్ల సంగతి ఉంటుంది. ఒకేలాంటి ప్రశ్నలను ఒకచోట కలిపి జవాబులిస్తున్నాం.

మా విద్యార్థులు ఊరి చెరువులో ఒకే చోట, ఒకే రోజు రెండుసార్లు కరిగిన ఆక్సిజన్ కొలిచారు. ఉదయం ఆరింటికి లీటరుకు 2.8 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం మూడింటికి 11.4 వచ్చింది. ఏది తప్పు? ప్రాజెక్టు రిపోర్టులో ఏది రాయాలి?
*రసాయన శాస్త్ర అధ్యాపకురాలు, కోవూరు*

రెండూ ఒప్పే అయ్యుండవచ్చు. 30 డిగ్రీల వేడిలో ఉన్న మంచినీరు గాలి నుంచి పట్టుకోగలిగే ఆక్సిజన్ లీటరుకు 7.5 మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువ, అంతే. మీ మధ్యాహ్నపు అంకె దానికి ఒకటిన్నర రెట్లుంది. ఆ మిగులు గాలి నుంచి రాలేదు, నాచు నుంచి వచ్చింది. ఎండ ఉన్నంతసేపూ నాచు ఆక్సిజన్ వదులుతుంది. పొద్దుగూకాక ఆ నాచే, చేపలూ, అడుగు బురదలోని సూక్ష్మజీవులూ కలిసి రాత్రంతా దాన్ని వాడుకుంటాయి. అందుకే సూర్యోదయానికి కాస్త ముందు అంకె బాగా కిందికి దిగుతుంది. చేపలు తెల్లవారుజామునే నీటిపైకి వచ్చి నోళ్లు తెరవడానికీ, చచ్చి తేలడానికీ కారణం ఇదే.

కాబట్టి రెండూ రాయండి, పక్కనే సమయం, నీటి వేడి, పీహెచ్ రాయండి. ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే మీ ప్రాజెక్టులో అసలు ఫలితం. చెరువులోకి మురుగో ఎరువుల నీరో చేరి నాచు విపరీతంగా పెరిగిందని అది చెబుతోంది. ఒక్కసారే కొలిచే వీలుంటే తెల్లవారుజామున కొలవండి. మధ్యాహ్నపు అంకె ఒక్కటే రాస్తే జబ్బుపడ్డ చెరువు ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో స్నానానికి పనికొచ్చే నీటికి కరిగిన ఆక్సిజన్ కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలి. మీ చెరువు మధ్యాహ్నం ఆ పరీక్ష పాసవుతుంది, తెల్లవారుజామున తప్పుతుంది.

మధ్యాహ్నం పీహెచ్ కూడా పెరుగుతుంది. నాచు బొగ్గుపులుసు వాయువును లాగేసుకోవడమే దానికి కారణం. పీహెచ్ 8 ఉన్నప్పుడు, 30 డిగ్రీల మంచినీటిలో, మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు 7 లేదా 8 శాతం. పీహెచ్ 9కి చేరితే అది 45 శాతం దగ్గరికి వెళ్తుంది. చెరువులో అమ్మోనియా పెరగకపోయినా చేపకు ప్రమాదం పెరుగుతుందన్నమాట.

అంకెలు నిజంగా ఒప్పేనా అన్నది వింక్లర్ పద్ధతిలో (రసాయనాలతో కరిగిన ఆక్సిజన్ కొలిచే పద్ధతి) ఎక్కడ తప్పు జరుగుతుందో చూసుకుంటే తేలుతుంది. 300 మి.లీ. సీసాను బిందెలాగా బుడబుడమని ముంచితే గాలి కలిసి అంకె పెరుగుతుంది. నమూనా పాత్ర నుంచి సన్నటి రబ్బరు గొట్టాన్ని సీసా అడుగు దాకా దించి, నీరు నెమ్మదిగా నిండి, రెండు మూడు సీసాల నీరు పైనుంచి పొర్లిపోయేదాకా వదలండి. మాంగనస్ సల్ఫేట్ 2 మి.లీ., ఆ తర్వాత క్షార అయొడైడ్ అజైడ్ ద్రావణం 2 మి.లీ. పిపెట్ మొన నీటిలో మునిగేలా పోయండి. మూత బిగించి (కింద బుడగ ఒక్కటి కూడా మిగలకూడదు) సీసాను పదిహేనుసార్లు తలకిందులు చేయండి. గోధుమరంగు అవక్షేపం వస్తే ఆక్సిజన్ ఉంది, తెల్లగానే ఉండిపోతే లేదు. అవక్షేపం సగానికి దిగాక మళ్లీ కలపండి. ఈ రెండోసారి కలపడం మానేయడమే విద్యార్థులు ఎక్కువగా చేసే పొరపాటు. ఆపైన గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 2 మి.లీ. పోసి, అవక్షేపం పూర్తిగా కరిగేదాకా కలపండి. ఆమ్లం, విషమైన అజైడ్ మీ చేతుల్లోనే ఉండాలి, పిల్లలకు ఇవ్వకండి.

అందులోంచి 203 మి.లీ. తీసి 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేట్‌తో అంశమాపనం (టైట్రేషన్) చేయండి. 203 ఎందుకంటే, మందులు పోసినప్పుడు బయటికి పోయిన 4 మి.లీ. నీటి లెక్క కలిస్తే అసలు నమూనా 200 మి.లీ. అవుతుంది. అప్పుడు బ్యూరెట్‌లో ఖర్చయిన ఒక్కో మి.లీ. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్‌తో సమానం. రంగు లేత గడ్డిరంగుకు వచ్చాకే గంజి ద్రావణం కలపండి. ముందే కలిపితే గంజి అయొడిన్‌ను పట్టుకుని వదలదు. నీలం మాయమైన మొదటి క్షణమే లెక్క, కాసేపటికి మళ్లీ నీలం తిరిగొచ్చినా పట్టించుకోవద్దు. థయోసల్ఫేట్ నిలవుంటే బలం తగ్గుతుంది. పోయిన నెల కలిపిన ద్రావణమైతే ముందు పొటాషియం డైక్రోమేట్‌తో సరిచూసుకోండి.

బీఓడీకి (నీటిలోని కుళ్లే పదార్థాన్ని సూక్ష్మజీవులు తినడానికి ఖర్చయ్యే ఆక్సిజన్ కొలతకు) మా పుస్తకంలో 5 రోజులు, 20 డిగ్రీలు అని ఉంది. ల్యాబ్‌ వాళ్లు 3 రోజులు, 27 డిగ్రీలు అంటున్నారు.
*డిగ్రీ విద్యార్థి, కావలి*

ఈ దేశపు ప్రమాణాలు 3 రోజులు, 27 డిగ్రీలనే వాడతాయి. మన వాతావరణంలో ఇంక్యుబేటరును 27 దగ్గర నిలపడం తేలిక. రెండు పద్ధతుల్లోనూ విలువలు దగ్గరదగ్గరగా వస్తాయి, కానీ ఒకే పట్టికలో కలపకండి. ఏ పద్ధతో అంకె పక్కనే రాయండి. సీసాలు చీకట్లో ఉండాలి, లేకపోతే లోపలి నాచు ఆక్సిజన్ తయారుచేసి లెక్క చెడగొడుతుంది.

మా ఊరి చెరువు పూడిక తీయిస్తామంటున్నారు. అరవై ఎకరాల నీటి విస్తీర్ణం. ఎంత పూడిక ఉందో ముందే కొలుచుకోవాలని మా రైతులం అనుకుంటున్నాం. ఎలా?
*ఆయకట్టు రైతు, సంగం మండలం*

ఎంత మన్ను ఉందో తెలియకుండా ఎంత తీశారో లెక్క చెప్పడం కుదరదు. ముందే కొలవాలన్న మీ ఆలోచన చాలా మంచిది.

నీళ్లున్నప్పుడు కొలవాలంటే రెండు పనిముట్లు చాలు. ఒకటి, అడుగున వెడల్పాటి తేలిక పళ్లెం బిగించి, సెంటీమీటర్ల గుర్తులు పెట్టిన కర్ర. అది మెత్తటి బురద పైన ఆగుతుంది, లోపలికి దిగదు. రెండోది, మొన చెక్కిన ఇనుప కడ్డీ. దాన్ని బురదలోంచి గట్టి పొర తగిలేదాకా దించాలి. రెండు కొలతల తేడా ఆ చోటి పూడిక మందం. పడవ కదలకుండా రెండు వైపులా లంగరు వేయండి. కడ్డీ నిటారుగా లేకపోతే మందం ఎక్కువగా కనిపిస్తుంది. ఎండాకాలం చెరువు ఎండితే గుంటలు తవ్వి చూడటం ఇంకా నమ్మకం. పాత నేల ఎక్కడ మొదలైందో రంగు మారడం, సున్నపు గుళ్లు, గరుసు, పాత వేర్లు చెబుతాయి. కొన్ని చోట్లయినా ఇలా తవ్వి చూసి, కడ్డీ ఆగిన పొర నిజంగా పాత నేలేనని నిర్ధారించుకోండి. ఎండి గట్టిపడిన పాత పూడిక పొర దగ్గరా కడ్డీ ఆగిపోతుంది.

చెరువును 50 మీటర్ల చదరాలుగా తాళ్లతోనో ఫోన్‌లోని జీపీఎస్‌తోనో గుర్తు పెట్టుకుని, ఒక్కో మూల దగ్గర కొలవండి. మీ చెరువుకు దాదాపు వంద చోట్లు వస్తాయి. వాగు నీరు చెరువులోకి దిగే చోట ఇసుక, గరుసు పడతాయి; కట్ట దగ్గర, తూము ముందు జిగురుబంక మన్ను చేరుతుంది. రెండిటి మందం, బరువు వేరు. కట్ట దగ్గరే నాలుగు గుంటలు తవ్వి చెరువంతా ఇంతే అనుకోవడం, లేదా వాగు మొదట్లోనే చూసి పెద్దగా పూడిక లేదనుకోవడం, రెండూ తప్పే.

సగటు మందం 45 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. అరవై ఎకరాలంటే సుమారు 2,42,800 చదరపు మీటర్లు. దాన్ని 0.45తో గుణిస్తే 1,09,000 ఘనపు మీటర్ల పైచిలుకు. ఒక ఎంసీఎఫ్‌టీ అంటే పది లక్షల ఘనపుటడుగులు, అంటే 28,317 ఘనపు మీటర్లు కనుక, చెరువు దాదాపు 3.9 ఎంసీఎఫ్‌టీ నిలవ కోల్పోయింది. ట్రాక్టరు ట్రాలీకి 3 ఘనపు మీటర్లు పట్టినా అది 36 వేల పైచిలుకు ట్రిప్పులు. తవ్వినాక మన్ను వదులై ఉబ్బుతుంది కనుక ట్రాలీలు ఇంకా ఎక్కువే పడతాయి. బిల్లు ట్రాలీల లెక్కన వేస్తున్నారా, గుంట కొలత లెక్కన వేస్తున్నారా అన్నది ముందే తేల్చుకోండి. రెండిటికీ మధ్య మట్టి ఉబ్బినంత తేడా వస్తుంది.

పాత నేల కిందికి తవ్వనివ్వకండి. ఏళ్ల తరబడి పేరుకున్న ఆ బంకపొరే చెరువు నీరు భూమిలోకి ఇంకిపోకుండా ఆపేది. దాన్ని చీల్చిన గుంటల్లో జనవరిలోనే నీళ్లు అయిపోతాయి. కట్ట పాదం దగ్గర తవ్వితే కట్టకే ముప్పు. ఎంత దూరం వదలాలో ఇంజనీరుచేత కాగితం మీద రాయించుకోండి. పని అయ్యాక అవే వంద చోట్ల మళ్లీ కొలవండి.

ఆ పూడిక మన్ను పొలానికి తోలుకుంటే మంచిదేనా? ఎకరాకు ఎంత?
*కందుకూరు, ఇందుకూరుపేట మండలాల నుంచి ముగ్గురు రైతులు*

ఇసుక పాలు ఎక్కువున్న పొలానికి మంచిది, నీటినీ ఎరువునూ పట్టి ఉంచుతుంది. నల్లరేగడికి మళ్లీ బంకమన్నే తోలితే ప్రయోజనం తక్కువ, మురుగు నిలవడం ఎక్కువ.

ముందు పరీక్ష చేయించండి. ఎనిమిది పది చోట్ల, ఎంత లోతు తవ్వబోతున్నారో అంత లోతు దాకా మన్ను తీసి, శుభ్రమైన గోనె మీద కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు వదిలేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించండి. నీడలో ఆరబెట్టి, చితక్కొట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి ల్యాబ్‌కు ఇవ్వండి. పీహెచ్, ఈసీ (విద్యుత్ వాహకత, ఉప్పు ఎంత ఉందో చెప్పే కొలత), సేంద్రియ కర్బనం, మార్పిడి సోడియం శాతం (మన్ను రేణువులు పట్టి ఉంచే లవణ అయాన్లలో సోడియం వాటా) అడగండి. సేంద్రియ కర్బనం 0.75 శాతం దాటితే ఎక్కువ, 0.5 లోపైతే తక్కువ. మార్పిడి సోడియం 15 శాతం దాటితే ఆ మన్ను పొలంలోకి రానివ్వకండి. తడిస్తే జారుడుగా, ఎండితే రాయిలా తయారవుతుంది.

ఈసీ దగ్గర చాలామంది మోసపోతారు. చౌడు నేల అనడానికి చెప్పే మీటరుకు 4 డెసీసీమెన్స్ (ఈసీ కొలమానం) హద్దు, మట్టిని నీటితో సరిగ్గా ముద్దగా కలిపి పిండిన ద్రవానికి వర్తించేది. మన ల్యాబ్‌లలో ఎక్కువగా చేసేది ఒక వంతు మట్టికి రెండో రెండున్నరో వంతుల నీళ్లు కలిపిన పరీక్ష. నీళ్లు ఎక్కువ కనుక అంకె తక్కువగా వస్తుంది. అక్కడ 1.5 వచ్చినా ఉప్పు ఉందనే అర్థం కావచ్చు. ఏ పద్ధతో అడిగి తెలుసుకోండి. సముద్రం దగ్గరి చెరువుల మన్ను విషయంలో ఈ ఒక్క ప్రశ్న అడగకపోతే పొలం చౌడు పారుతుంది.

ఎకరం మీద ఒక సెంటీమీటరు మందం పరవడానికి 40 ఘనపు మీటర్లు కావాలి, అంటే 3 ఘనపు మీటర్ల ట్రాలీలు పదమూడు, పద్నాలుగు. మొదటి ఏడాది అంతకు మించి వద్దు. కుప్పలు పోసి వదిలేయకుండా సమంగా చదును చేసి, దుక్కిలో కలిసేలా రెండుసార్లు దున్నండి. పట్నం మురుగు కలిసే చెరువు మన్నైతే సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్ పరీక్షలు కూడా అవసరం. వాటి సంగతి కింది జవాబులో ఉంది.

వినాయక నిమజ్జనం ముందూ తర్వాతా చెరువు నీటిని పరీక్షించాం. సీసం రెండుసార్లూ కనబడలేదు. అంటే విగ్రహాల రంగులు హాని చేయనట్టేనా?
*పర్యావరణ సంఘం సభ్యుడు, ఒంగోలు*

కాదు. నీటిలో వెతికారు, మన్నులో వెతకలేదు. సీసం లాంటి లోహాలు కరిగిన రూపంలో ఎక్కువసేపు నిలవవు. సన్నటి బంకరేణువులకు, ఇనుప తుప్పుకు, కుళ్లిన ఆకు పదార్థానికి అంటుకుని అడుక్కి దిగిపోతాయి.

నిమజ్జనం జరిగిన చోట, దానికి దూరంగా మరో మూడు చోట్ల అడుగు మన్ను తీయండి. గాలం తొట్టితో (అడుగుకు దించి మన్ను పట్టి తెచ్చే ఇనుప తొట్టి) తీస్తే, తొట్టి ఇనుమును తాకని మధ్య భాగం నుంచి, ప్లాస్టిక్ గరిటెతో పై రెండు సెంటీమీటర్లు మాత్రమే తీసుకోండి. స్టీలు చెంచా వాడితే క్రోమియం, నికెల్ దాని నుంచే వచ్చి చేరతాయి. పాలిథీన్ సంచిలో గాలి లేకుండా కట్టి, మంచుపెట్టెలో తీసుకెళ్లండి.

ల్యాబ్‌లో తప్పక అడగాల్సింది 63 మైక్రాన్ల జల్లెడ పట్టమని. లోహాలు సన్నటి మన్నులో ఉంటాయి, ఇసుకలో దాదాపు ఉండవు. ఒక నమూనాలో ఇసుక 80 శాతం, ఇంకోదాంట్లో 20 శాతం ఉంటే, జల్లెడ పట్టకుండా పోల్చినప్పుడు కనిపించేది కాలుష్యపు తేడా కాదు, ఇసుక తేడా. మంచినీటి అడుగు మన్నులో సీసం కిలోకు 36 మిల్లీగ్రాముల లోపు ఉంటే అడుగున బతికే జీవులకు హాని అరుదు, 128 దాటితే హాని జరిగే అవకాశం ఎక్కువ అని శాస్త్రవేత్తలు వాడే హద్దులున్నాయి. క్రోమియం, నికెల్ విషయంలో ఆ హద్దుల్ని గుడ్డిగా పట్టుకోకండి. కొన్ని రాతినేలల్లో అవి సహజంగానే ఎక్కువ. మీ చెరువు మన్నులోనే లోతైన పాత పొరతో పోల్చడం మేలు.

పాత పొరలు తీయడానికి గొట్టం దించితే పైకి వచ్చేసరికి మన్ను జారిపోతోంది. తీసిన పొర ఏ ఏడాదిదో తెలుసుకోవచ్చా?
*పీజీ విద్యార్థిని, నెల్లూరు*

రెండంగుళాల పీవీసీ గొట్టం, మీటరు పొడవు, కింది అంచు బయటివైపు నుంచి చెక్కినది తీసుకోండి. కుదుపులు లేకుండా నిటారుగా దించండి. ఆగాక, గొట్టం పైభాగాన్ని నీటితో నింపి రబ్బరు బిరడా గట్టిగా బిగించండి. లోపల గాలి ఉంటే పట్టు రాదు, మన్ను జారుతుంది. నెమ్మదిగా లాగి, అడుగు అంచు నీటిలో ఉండగానే కింది నుంచి రెండో మూత పెట్టండి. గొట్టం లోపలి మన్ను పొడవునూ, గొట్టం దిగిన లోతునూ వేర్వేరుగా రాయండి. లోపలిది ఎప్పుడూ తక్కువగా ఉంటుంది, మన్ను నొక్కుకుపోతుంది. ఆ లెక్క లేకపోతే లోతులన్నీ తప్పుతాయి. ఇంటికి తెచ్చాక నిలువుగానే ఉంచి, సెంటీమీటరు చొప్పున కోయండి. గొట్టం గోడను తాకిన అంచు గీకి పారేయండి.

కాలం చెప్పడానికి సీసం 210 (రేడియోధార్మిక సీసం, దాదాపు 22 ఏళ్లకు సగమవుతుంది) ఒక వందా వందాయాభై ఏళ్ల దాకా పనికొస్తుంది. అణుపరీక్షల నుంచి రాలిన సీజియం 137 శిఖరం 1963 ప్రాంతాన్ని చూపుతుంది. కానీ మన చెరువుల్లో ఇది ఎక్కువసార్లు పనిచేయదని ముందే చెప్పాలి. చెరువు ఎండినప్పుడు పశువులు తొక్కుతాయి, మన్ను నెర్రెలు విచ్చి పై పొర కిందికి రాలుతుంది, పూడిక తీస్తారు. పొరలు కలిసిపోయాక వయసు లెక్క అర్థం లేనిది. ఖరీదైన ఆ పరీక్షకు డబ్బు పెట్టే ముందు గొట్టం ఒకటి నిలువుగా చీల్చి కళ్లతో చూడండి. పొరలు విడివిడిగా కనిపిస్తే ముందుకెళ్లండి. ఏడాది పొడవునా నీరుండే సోమశిల లాంటి జలాశయపు లోతట్టులో అవకాశం ఎక్కువ.

పెన్నకు వరద వచ్చినప్పుడు నీటిలో ఎంత మట్టి పోతోందో లెక్కకట్టవచ్చా?
*హైస్కూలు సైన్సు టీచరు, ఆత్మకూరు*

కట్టవచ్చు. లీటరు నీరు బాగా కలిపి, ముందే బరువు తూచిన గ్లాస్ ఫైబర్ వడపోత కాగితం మీద వడకట్టి, 103 నుంచి 105 డిగ్రీల్లో ఆరబెట్టి, డెసికేటర్‌లో చల్లార్చి తూచండి. రెండు తూకాలు కలిసేదాకా ఈ పని మళ్లీ మళ్లీ చేయాలి. వేడి కాగితాన్ని తూస్తే పైకి లేచే గాలి బరువును తగ్గించి చూపుతుంది. నీరు మరీ చిక్కగా ఉంటే 100 మి.లీ. చాలు. ముఖద్వారం దగ్గరి ఉప్పునీరైతే కాగితాన్ని స్వేదనజలంతో కడగాలి, లేదంటే ఉప్పును మట్టి కింద తూస్తారు.

వంతెన మీంచి బకెట్ వేసి పైనీరే తీయవద్దు. సన్నటి బంక నీరంతా సమంగా ఉంటుంది కానీ ఇసుక అడుగునే పరుగెడుతుంది. బరువు కట్టిన సన్నమూతి సీసాను ఒకే వేగంతో అడుగు దాకా దించి, అదే వేగంతో పైకి లాగండి. సీసా మధ్యలోనే నిండిపోతే ఆ నమూనా పారబోసి, ఇంకాస్త వేగంగా మళ్లీ తీయండి. వరద రోజుల్లో పిల్లల్ని వంతెన మీదికి తీసుకెళ్లకండి.

ఇక లెక్క: లీటరుకు మిల్లీగ్రాములు × సెకనుకు ఘనపు మీటర్లు × 0.0864 చేస్తే రోజుకు టన్నులు. నీటిలో 500 మిల్లీగ్రాముల మట్టి, 1,000 ఘనపు మీటర్ల (దాదాపు 35,300 క్యూసెక్కులు) ప్రవాహం ఉంటే రోజుకు 43,200 టన్నులు. టర్బిడిటీ మీటరు (నీటి మసకను కొలిచే పరికరం) చూపే ఎన్‌టీయూ అంకెను మిల్లీగ్రాములుగా రాయకండి. మీ నది మన్నుతో ఇరవై ముప్పై నమూనాలు రెండు విధాలా కొలిచి గ్రాఫు గీసుకున్నాకే ఒకదాని నుంచి ఇంకోటి లెక్కించవచ్చు. వరద ఎక్కే రోజు, దిగే రోజు కూడా నమూనాలు తీయండి. ప్రవాహం ఒకటే అయినా ఎక్కే వరదలో మట్టి తరచుగా ఎక్కువ ఉంటుంది.

రొయ్యల గుంటలోకి ఉప్పుటేరు నీరు ఎప్పుడు తోడాలి? అడుగు నల్లబడితే ఏం అర్థం?
*వనామి రైతు, ముత్తుకూరు*

పోటు నిండుగా ఉన్నప్పుడు తోడండి. పాటు మొదలయ్యాక పై గుంటల వాళ్లు వదిలిన నీరే మీ మోటారు ముందుకొస్తుంది. పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, కాబట్టి రోజూ 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఉప్పునీరు బరువు కనుక అడుగున, వాననీరు పైన ఉంటాయి. రిఫ్రాక్టోమీటరును (నీటి ఉప్పదనం చూపే పరికరం) ముందు స్వేదనజలంతో సున్నాకు సరిచేసి, ఫుట్‌వాల్వ్ ఉన్న లోతు నీటినే చూడండి. పైన ఉప్పు 8 పీపీటీ (వెయ్యికి 8 వంతులు) ఉన్నప్పుడు కింద 20 ఉండవచ్చు.

అడుగు మన్నును గాజు గొట్టంతో తీసి పక్కనుంచి చూడండి. పైన కొన్ని మిల్లీమీటర్లయినా గోధుమరంగు పొర ఉండి కింద నల్లగా ఉంటే ఫర్వాలేదు. నలుపు పైదాకా వస్తే ఆక్సిజన్ మన్నును తాకడం లేదన్నమాట. ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్. కొద్ది మన్ను మీద, గాలి ఆడే చోట, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. మేత చెక్‌ట్రేలో మిగులుతోందేమో ఆ రోజే చూసుకోండి. ఏరేటర్లు అడుగు బురదను మధ్యకు తోస్తాయి కనుక నమూనా మధ్య నుంచీ, గట్టు వైపు నుంచీ విడివిడిగా తీయండి. గట్టు వైపు మన్ను ఒక్కటే చూస్తే గుంట బాగుందనిపిస్తుంది.